చట్టంలో కొసరు లేదు

తూనికల ఇన్‌స్పెక్టరు ఆ పొట్లాన్ని కొట్లోంచి తియ్యలేదు. కొనుక్కుని, సంచిలో వేసుకుని, ఇంటిదారి పట్టిన మనిషి సంచిలోంచి లాగాడు. పట్టపగలు, పదిమంది చూస్తుండగా లాగాడు.

ఆ సంచి కుట్టుమిషను మీద బతికే ఆవిడది. "అయ్యో, అది నాదండీ! పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చాను" అంటూ వెంటపడింది. వింటేగా! తనతో తెచ్చుకున్న కొత్త తూకం మిషను మీద పప్పు పొట్లం పెట్టాడు. ఎర్ర అంకెలు వెలిగాయి. వెయ్యి అరవై.

"కిలో అని అమ్మావు. ఇది కిలో కాదు" అన్నాడు.

గల్లాపెట్టె వెనక నిలబడ్డ పప్పులక్కకి ముందు బుర్రకెక్కలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ సందులో పప్పులమ్ముతోంది. పెట్టిన పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు, ఊరంతటికీ ఆమె పప్పులక్కే.

"కాకపోవడమేంటి బాబూ? అరవై గ్రాములు పైనే ఉంది కదా."

"పైనైనా తేడాయే, కిందైనా తేడాయే. నీ త్రాసు తప్పు."

"త్రాసు తప్పు కాదు బాబూ. తూచాక గుప్పెడు కొసరేశాను. ఈ సందులో అందరం వేస్తాం. మా అమ్మ వేసేది, నేనూ వేస్తున్నాను."

ఇన్‌స్పెక్టరు వెనకున్న జవాన్ల వైపు తిరిగి నవ్వాడు. "కొసరంట! చట్టంలో కొసరనే మాట ఎక్కడా లేదమ్మా." ఆ నవ్వుతోనే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "దీని మీద సంతకం పెట్టు. త్రాసు వదిలేస్తాం. లేదంటే కొట్టుకి సీలు."

సందు చివర సబ్బులమ్మే మాస్టారు పరుగున వచ్చాడు. పాతికేళ్లు బడిపిల్లలకి లెక్కలు చెప్పి, రిటైరై, సబ్బుల కొట్టు పెట్టుకున్న మనిషి. కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. "నా తూకంలో మోసమున్నదని, కొనేవారిని ఇన్నాళ్లూ మోసగించానని, ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను."

పప్పులక్కకి ఒళ్లు మండిపోయింది. గుప్పెడు ఎక్కువేసినందుకు మోసగత్తె! "సంతకం సంగతి తర్వాత. ముందు నా త్రాసులో తూచండి. అందరి ముందూ తూచండి. నీ కిలో రాయి ఓ పళ్లెంలో పెట్టు, నా కిలో రాయి ఓ పళ్లెంలో పెట్టు. తేడా వస్తే నీ కాగితం మీద ఒక్కటేం ఖర్మ, పది సంతకాలు పెడతాను."

"తూచే పని మాది. పెట్టే పని నీది" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తూచలేదు. త్రాసు గొలుసులు పట్టి ఎత్తి జీపులో పడేశారు. ఆ ఇత్తడి పళ్లేలు ఇనుప నేల మీద ఖంగుమని పడ్డాయి. పోతూ పోతూ మిగతా పది కొట్లకీ తలో కాగితం పంచారు. వారం గడువు. సంతకం పెడితే సరి, లేదా వాళ్ల త్రాసులూ జీపెక్కుతాయి.

ఇంతకీ ఈ సందు మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందంటారా? మూడు నెలల కిందట సందు మొగలో అయిదంతస్తుల అద్దాల కొట్టు తెరిచారు. అక్కడ ఉప్పునుంచి చెప్పులదాకా అన్నీ పాకెట్లే, చల్లగాలి, చక్రాల బుట్టలు. అన్నీ ఉన్నాయి, కార్లు నిలుపుకోడానికి జాగా లేదు. ఆ జాగా ఎక్కడుందో చంటిపిల్లవాడికి కూడా తెలుసు.

*

ఆ సాయంత్రం మాస్టారు కొట్టు ముందు అందరూ కూడారు. పదకొండు కొట్లూ అగ్గిపెట్టెలంతే. పప్పులక్క నూనె అమ్మదు, నూనెమ్మ పప్పు అమ్మదు. ఉల్లిపాయలాయన దగ్గరికి బియ్యం కోసం పోతే వేలు పెట్టి పక్క కొట్టు చూపిస్తాడు. ఒకరి బేరం ఒకరు ముట్టుకోరు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది: ఒక కొట్టు మీదికి ఆపదొస్తే పదకొండు తలుపులూ పడాలి. చావైనా, నిప్పైనా, పోలీసైనా అంతే.

"మూసేద్దాం!" అని మొదట లేచింది నూనెమ్మ. ఆమె గొంతెత్తితే సందు మొగకి వినపడుతుంది. "అక్క త్రాసు మళ్లీ అక్క కొట్టులో వేలాడేదాకా ఒక్క తలుపు తెరవొద్దు. ఎవడు సంతకం పెడతాడో పెట్టమను, వాడి మొహాన నూనె డబ్బా గుమ్మరిస్తా!"

"ఆ కాగితంతో వాళ్లకి కావలసింది జరిమానా కాదర్రా" అన్నాడు మాస్టారు. "మనం దొంగలమని మన చేతే రాయించుకోవాలి. ఆ తర్వాత దొంగల సందు ఊళ్లో ఎందుకని ఎత్తేస్తారు."

"మరి మూసెయ్యడమే!" అని నలుగురైదుగురు ఒక్కసారే అరిచారు.

అప్పుడు మూలనుంచి పప్పులక్క చెల్లెలి కూతురు నోరు విప్పింది. అద్దాల కొట్టు వాళ్ల పాకింగు షెడ్డులో పని చేస్తుంది. ఆ ఒక్క జీతం మీదే ఇంట్లో తల్లీ, ఇద్దరు తమ్ముళ్లూ. "పెద్దమ్మా, మీరు మూసుకుంటే జనం ఎక్కడ కొనుక్కుంటారు?"

"రెండ్రోజులు ఆగుతారులేవే."

"ఆకలి ఆగుతుందా? తిన్నగా మా కొట్టుకే పోతారు. మూయకండి. ఇంకా పొద్దున్నే తెరవండి. త్రాసులు బయట పెట్టి, వచ్చి తూచుకోండని దారిన పోయేవాళ్లని పిలవండి."

"మా కొట్టు, మా కొట్టు అంటోంది చూశారా!" నూనెమ్మ మీదికొచ్చింది. "వాళ్ల ఉప్పు తింటున్నదానివి, నువ్వా మాకు చెప్పేది? పో అవతలికి!"

పిల్ల మొహం కందగడ్డయింది. పెద్దమ్మ వైపు చూసింది. ఆ పిల్ల మాటలో నిజముందని పప్పులక్కకి లోపలెక్కడో తట్టింది. కానీ తనకోసం పదిమంది తమ నోటి దగ్గర ముద్ద వదులుకుంటామంటున్నారు. ఎప్పుడు చూసింది ఇంత గౌరవం? గుండె నిండిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారు "నీ మాటేంటక్కా?" అని అడిగినప్పుడు లేచి నిలబడి, "మూసేద్దాం" అంది.

ఆ ఒక్క మాటా అని ఉండకపోతే! బతికినన్నాళ్లూ ఆమెని తిన్న మాట అదే.

*

మొదటి రోజు పండగలా గడిచింది. పదకొండు తలుపులూ మూసి, రోడ్డు వారగా గోనెలు పరుచుకుని కూర్చున్నారు. "త్రాసు ఇవ్వాలి! సందు మాది!" అని గొంతులు పోయేదాకా అరిచారు. సంచులు పట్టుకుని వచ్చినవాళ్లు ఆగి, కాగితం చదివించుకుని, "ఎంత దారుణం!" అన్నారు. కొందరు పక్కన కాసేపు కూర్చున్నారు కూడా. తర్వాత లేచి, ఖాళీ సంచులతో అద్దాల కొట్టు వైపు నడిచారు.

రెండో రోజు అద్దాల కొట్టు ముందు పెద్ద గుడ్డ వేలాడింది: 'మేము ఎప్పుడూ తెరిచే ఉంటాము.' దాని కింద చక్కెర సగం ధరకి.

మూడో రోజు కుట్టుమిషను ఆవిడ అటునుంచి వస్తూ కనిపించింది. చేతిలో అద్దాల కొట్టు సంచి. పప్పులక్కని చూసి దాన్ని వీపు వెనక దాచుకుంది, దాగనంత పెద్ద సంచి.

"ఏం చెయ్యనక్కా? పిల్లలు తినాలా వద్దా? మీరేమో మూసుక్కూర్చున్నారు."

పప్పులక్క తిట్టాలనే అనుకుంది. ఏమని తిడుతుంది?

అయిదో రోజు అందరూ ఊరేగింపుగా ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి వెళ్లారు. పొద్దున్నుంచి ఎండలో నిలబెట్టి, మూడు గంటలకి జవాను బయటికొచ్చి, "సారు సెలవులో ఉన్నారు" అన్నాడు. సారు వెనక గుమ్మంలోంచి జీపెక్కి పోవడం ఉల్లిపాయలాయన కళ్లారా చూశాడు. జీపు ఎటు పోయిందో కూడా చూశాడు. చెప్పనక్కర్లేదు.

ఏడో రోజు తలుపులు తెరిచారు. త్రాసు రాలేదు సరే, బేరమన్నా వస్తుందేమోనని. ఈగలు తోలుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నారు. చక్రాల బుట్ట తొయ్యడం ఏడు రోజుల్లో అలవాటైపోయింది జనానికి.

తమని కొట్టింది ఇన్‌స్పెక్టరు కాదు, తమ సొంత తలుపులే. ఆ మాట పైకి అనడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది.

మొదటి సంతకం ఎవరు పెట్టారనుకుంటున్నారు? నూనెమ్మ. సంతకం పెట్టొచ్చి, తిన్నగా పప్పులక్క ఇంటికే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తిట్టక్కా. నువ్వే తిట్టు. మంచాన పడ్డ మొగుడున్నాడు, వాడికి మందులు నినాదాలు తెస్తాయా? ఒక గీత గీస్తే త్రాసు ఉంచుతామన్నారు. గీసొచ్చాను."

"దొంగనని రాశావే, నూనెమ్మా."

"రాశాను. కడుపు నిండినవాళ్లు రాయకుండా ఉంటారు. నాకు కుదరదు."

"నా కడుపు నిండిందని చూశావా?"

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేకపోయారు. నూనెమ్మ వెళ్లిపోయింది. ఆ పైన సంతకాలు వరదే. చివరికి మాస్టారు కూడా పెట్టాడు, పెట్టి ఇంట్లోంచి నాలుగు రోజులు బయటికి రాలేదు. పప్పులక్క పెట్టలేదు. ఆమె కొట్టుకి సీలు పడింది.

నెల తిరక్కుండా మాస్టారు చెప్పినంతా అయింది. పది మంది ఒప్పుకున్న కాగితాలు చూపించి, సందు మొత్తానికీ లైసెన్సులు రద్దు చేశారు. సంతకం పెట్టినా పోయింది, పెట్టకపోయినా పోయింది. పొద్దున్న పదింటికి బుల్డోజరొచ్చింది. పన్నెండుకల్లా నేల చదునైంది. సాయంత్రానికి తెల్లగీతలు గీసి కార్లు నిలిపారు. పప్పులక్క కొట్టు ఉన్నచోట ఎర్రకారు నిలబడింది.

*

ఎక్కడికి పోతుంది ఆమె? ఎక్కే గడపా దిగే గడపాగా తిరిగి, ఎక్కడా పని పుట్టక, ఆఖరికి చెల్లెలి కూతురి వెంట పాకింగు షెడ్డుకే వెళ్లింది. సిగ్గు చంపుకుని వెళ్లింది.

పొడుగాటి రేకుల షెడ్డు. గాలాడదు. పప్పు దుమ్ముతో ముక్కూ నోరూ పూడుకుపోతాయి. నలభై మంది ఆడవాళ్లు, నడుస్తున్న రబ్బరు పట్టీకి అటూ ఇటూ నిలబడాలి. పైనుంచి మిషను పాకెట్లోకి పప్పు వదులుతుంది, ఒకరు అందుకోవాలి, ఒకరు అతకాలి. కూర్చోకూడదు, మాట్లాడకూడదు. నూనెమ్మ కూడా అక్కడే ఉంది, పట్టీకి అవతలి వైపు. మొగుడు పోయాడట. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి రెండు నెలలు పలకరించుకోలేదు.

మొదటిరోజే పాకెట్టు చేతిలోకి రాగానే పప్పులక్క చెయ్యి ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు తూచిన చెయ్యది. మళ్లీ ఎత్తి చూసింది.

"ఇది కిలో కాదే" అంది పక్కనున్న పిల్లతో.

"పెద్దమ్మా, ఊరుకో."

"డెబ్బై గ్రాములు తక్కువుంది."

"నలభై మందికీ తెలుసు. మిషను అలాగే పెట్టారు. ఊరుకోమన్నానా! ఈ పనీ పోతే ఏం తింటాం?"

పప్పులక్క ఊరుకుంది. వారం ఊరుకుంది. పాకెట్టు మీద అచ్చేసిన 'కిలో' అన్న మాట కళ్లముందు నుంచి గంటకి మూడొందల సార్లు పోతుంటే ఊరుకుంది. ఈ పాకెట్టు ఎవరింటికి పోతుంది? కుట్టుమిషను ఆవిడ ఇంటికే. పిల్లలకి పల్చటి పప్పు పోసి, ఎక్కడ తగ్గిందో తెలీక తన చేతినే తిట్టుకుంటుంది.

ఎనిమిదో రోజు, పక్కకి రాలిన పప్పు కుప్పలోంచి గుప్పెడు తీసి, అతికేలోగా పాకెట్టులో వేసింది. ఆలోచించి వేసింది కాదు. చెయ్యి వేసింది.

తర్వాతి దానిలోనూ వేసింది.

అవతల నూనెమ్మ చూసింది. ఇదిప్పుడు పోయి చెప్తుందా అని పప్పులక్క భయపడింది. నూనెమ్మ తన ముందున్న పప్పు కుప్పని మోచేత్తో నెమ్మదిగా పప్పులక్క వైపు నెట్టింది. మర్నాటికి తనూ గుప్పెడు వెయ్యడం మొదలుపెట్టింది. ఇంకో వారానికి ఆ వరసలో పదమూడు మంది.

ఒకరికొకరు చెప్పుకోలేదు, మీటింగు పెట్టుకోలేదు. ఈసారి మూయడానికి వాళ్లకి తలుపులు కూడా లేవు.

బస్తాలు లెక్కకన్నా ముందే అయిపోతున్నాయని మేనేజరు పసిగట్టాడు. పట్టీ ఆపించాడు. ఆయన వెనకే, చేతిలో టీ గ్లాసుతో, నింపాదిగా ఎవరొచ్చారనుకున్నారు? తూనికల ఇన్‌స్పెక్టరే. నెలవారీ తనిఖీ అట.

మేనేజరు నేరుగా పప్పులక్క దగ్గరికే వచ్చాడు. "నీ పాత బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. ఇదిగో, సంతకం పెట్టు. తూకంలో మోసం చేశాను, సరుకు దొంగిలించానని. పెడితే ఒక్కదానివే పోతావు. పెట్టకపోతే నీ చెల్లెలి కూతురూ పోతుంది."

అదే కాగితం! అక్షరాలు వేరు, కాగితం మాత్రం అదే. పప్పులక్క పిల్ల వైపు చూసింది. పిల్ల తల దించుకుని ఉంది. ఇద్దరు తమ్ముళ్లు, తల్లి. మొదటిసారి ఆ కాగితం ముందు పప్పులక్క కలం కోసం చెయ్యి చాచింది. ఏం చెయ్యను తల్లీ, నిన్ను ముంచలేను, అనుకుంది.

"ముందు తూచండి!"

షెడ్డంతా దద్దరిల్లింది. ఆ గొంతు ఎవరిదో వేరే చెప్పాలా? నూనెమ్మ పట్టీ మీదినుంచి వంగి, పప్పులక్క గుప్పెడు వేసిన పాకెట్టు లాక్కుని తనిఖీకి తెచ్చిన తూకం మిషను మీద విసురుగా పెట్టింది. అంకెలు వెలిగాయి. వెయ్యి. సరిగ్గా వెయ్యి, గ్రాము అటు లేదు, ఇటు లేదు. దాన్ని తీసి, మిషను నింపిన పాకెట్టు పెట్టింది. తొమ్మిదొందల ముప్పై.

"ఏదయ్యా మోసం?" అంది నూనెమ్మ ఇన్‌స్పెక్టరు మొహం మీదికెళ్లి. "ఒకసారి నీ కాగితం మీద గీత గీశాను. ఇప్పుడు చెప్పు, ఏది మోసం?"

ఇన్‌స్పెక్టరు టీ తాగాడు. "పప్పులో తేమ ఆరుతుంది. ఆ మాత్రం తగ్గడానికి చట్టం ఒప్పుకుంటుంది."

"అంటే మీరు తగ్గిస్తే తేమ, మేం కలిపితే మోసమా?" అంది పప్పులక్క. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను పెట్టను."

"ముందు తూచండి" అని ఇంకెవరో అన్నారు. "అన్నీ తూచండి!" అని ఇంకొకరు. పదమూడు మందీ పట్టీ వదిలి ముందుకొచ్చారు. మిగతా ఇరవై ఏడు మంది రాలేదు. వాళ్లలో చెల్లెలి కూతురు ఒకతి. తల ఎత్తలేదు.

పోలీసులు రావడానికి పావుగంట పట్టలేదు. దొంగతనం కేసు. పాకెట్టుకి డెబ్బై గ్రాముల చొప్పున, కంపెనీ పప్పుని కొన్నవాళ్లకే ఇచ్చేశారట. గెలుస్తామని పప్పులక్క ఒక్క క్షణం కూడా అనుకోలేదు. గెలిచిన రోజు ఆమె జీవితంలో లేదు.

గేటు బయట అప్పటికే కొత్తవాళ్లు వరస కట్టి ఉన్నారు, ముప్పై మందికి పైనే. పని ఖాళీ అయిందన్న కబురు అంత తొందరగా ఎలా పాకుతుందో! పదమూడు మందిని ఆ వరస పక్కనుంచే వ్యాను దగ్గరికి నడిపించారు. ఒక బక్కపల్చటి మనిషి, చంకలో పిల్లతో ఉంది, ఉండబట్టలేక అడిగింది. "ఏం నేరం చేశావమ్మా?"

"కిలో అని రాసున్నదాన్లో కిలో వేశాను" అంది పప్పులక్క.

వ్యాను తలుపు వేశారు. ఇనుప జాలీలోంచి చూస్తే గేటు తెరుచుకోవడం కనిపించింది. వరస కదిలింది. ఒక్కొక్కరే లోపలికి పోతున్నారు. ఎవర్ని తప్పుపడుతుంది? తనూ అలాగే పోయింది కదా. చంకలో పిల్లున్న మనిషి గేటు దాకా వచ్చి ఆగింది. వెనకున్నామె తోసింది. అయినా కదల్లేదు. తర్వాత వరసలోంచి పక్కకి జరిగి గోడ వారన నిలబడింది. ఆమె పక్కకి ఇంకొకతి జరిగింది. వ్యాను కదిలేలోగా పప్పులక్క ఆరుగుర్ని చూసింది.

మిగతావాళ్లంతా లోపలికి వెళ్లారు.

లోపలికి పోయేవాళ్లకి ఎదురుగా, వాళ్లని తోసుకుంటూ, షెడ్డులోంచి ఒక మనిషి బయటికొచ్చింది. చెల్లెలి కూతురు. ఒంటిమీది కంపెనీ కోటు విప్పి గేటు దగ్గర పడేసి, వెళ్లి ఆ ఆరుగురి పక్కన నిలబడింది.

"ఓసి పిచ్చిదానా, ఇంట్లో ఏం వండుతావే!" అని పప్పులక్క జాలీ పట్టుకుని గట్టిగా అరిచింది, అరుస్తూనే ఏడ్చింది. పక్కన కూర్చున్న నూనెమ్మ ఏడు నెలల తర్వాత మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుంది.